నిరోధమే లేని తీగ చుట్టడానికి అన్నేళ్లు ఎందుకు?

“సూపర్‌కండక్టర్‌లో కరెంటుకు నిరోధమే ఉండదు కదా, వైరు తెచ్చి చుట్టేస్తే సరిపోదా? ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాలకు అన్నేళ్లు ఎందుకు పట్టింది?” అని ఒకరు అడిగారు. ఎల్‌హెచ్‌సీ అంటే ప్రోటాన్లను వేగంగా తిప్పి ఢీకొట్టించే భారీ యంత్రం. పనిలో దిగేదాకా నేనూ అలాగే అనుకున్నానండి.

అమలాపురంలో మా నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు కాలిపోయి వస్తూనే ఉండేవి. స్లాట్‌లో ఒక్క చుట్టు వదులుగా కనిపించినా నాన్న మొత్తం ఊడదీయించేవారు. కదిలే తీగ రాసుకుని ఇన్సులేషన్ పోతుందని ఆయన బెంగ. తర్వాత నేను ఒక ప్రయోగశాలలో సూపర్‌కండక్టింగ్ కాయిళ్లు చుట్టే బృందంలో చేరితే అక్కడా అదే బెంగ!

ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్ల దారిని వంచే అయస్కాంతాలు 1,232. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. నియోబియం-టైటానియం తీగను హీలియంతో 1.9 కెల్విన్‌కు, అంటే మైనస్ 271 డిగ్రీలకు చల్లబరిచి, సుమారు 11,850 ఆంపియర్లు పంపితే 8.33 టెస్లాల క్షేత్రం వస్తుంది. ఆ క్షేత్రమే కాయిల్‌ను మీటరుకు వందల టన్నుల బలంతో బయటికి తోస్తుంది. అంత చలిలో లోహం చిటికెడు వేడికే వేడెక్కిపోతుంది. తీగ కొన్ని మైక్రాన్లు జరిగినా చాలు, ఆ రాపిడికి అక్కడ నిరోధం తిరిగొచ్చి వేడి పాకిపోతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. స్టీలు కాలర్లు వేసి ప్రెస్‌లో అంతలా బిగించేది అందుకే.

కేబులూ ఒంటి తీగ కాదు. మా కోనసీమలో పీచు తాడు పేనినట్టే. ఒక్కో తీగలో రాగి మధ్య 6, 7 మైక్రాన్ల పోగులు వేలల్లో ఉంటాయి. అలాంటి తీగలు 28 గానీ 36 గానీ కలిపి చదునుగా పేనుతారు.

మా మొదటి కాయిల్ అనుకున్న కరెంటులో సగం దాటగానే క్వెంచ్ అయింది. నాకు ఒకటే టెన్షన్. సీనియర్లు మాత్రం నింపాదిగా టీకి వెళ్లారు. రెండోసారి ఇంకాస్త పైకి వెళ్లింది, మూడోసారి మరికాస్త. తీగలు వాటి చోట్లలో సర్దుకుంటాయి, దీన్ని ట్రైనింగ్ అంటారట.

2008 సెప్టెంబర్ 19న ఎల్‌హెచ్‌సీ దెబ్బతిన్నది కాయిల్ వల్ల కాదు, రెండు అయస్కాంతాల మధ్య జాయింటు వల్ల. టన్నులకొద్దీ హీలియం బయటికి పోయింది. మళ్లీ ప్రోటాన్లు తిరిగింది 2009 నవంబర్‌లోనే. ఇది చెబితే నాన్న ఏమీ ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు ఎల్‌హెచ్‌సీ సామర్థ్యం పెంచడానికి తయారుచేస్తున్న నియోబియం-టిన్ కాయిళ్లు ఇంకా మొండివి. ఎక్కువ క్షేత్రం తట్టుకుంటాయి కానీ కాల్చాక ఏర్పడే ఆ పదార్థం గాజులా పెళుసు. అందుకే ముందు చుట్టేసి, తర్వాత 650 డిగ్రీల వేడిలో రోజుల తరబడి కాలుస్తారు.

“కాల్చాక తప్పు కనబడితే?” అన్నారు నాన్న.

“ఊడదీయడం కుదరదు నాన్నా.”

“అయితే ఆ మోటారు నేను తీసుకోనురా.”