హోస్ట్ మెమరీ గురించి చిన్నీకి

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలికి సర్వర్లన్నీ అప్పజెప్పారంట అన్నయ్యా, ఏదో మెమరీ లీకంట, శనివారం రాత్రి ఒక్కతే కూర్చుని చూస్తదంట" అంది. ఎంత సంతోషమేసిందో అంత దడా పుట్టింది, నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా.

ముందు అది లీకో కాదో, అంటే తీసుకున్న మెమరీని ఏదైనా వెనక్కివ్వకుండా పోగేస్తోందో లేదో, తేల్చుకో. మీది వీఎంలు (వర్చువల్ మిషన్లు) నడిపే ప్రాక్స్‌మాక్స్, డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అని పండక్కొచ్చినప్పుడు చెప్పావుగా, పాత ఇన్‌స్టాల్ అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుకునే క్యాష్ ఏఆర్‌సీ ర్యామ్‌లో సగం దాకా పట్టేసుకుంటది, ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా వేసినవాటికి 10 శాతమే, మహా అయితే 16 జీబీ. ఫ్రీ కమాండ్ కొడితే అది క్యాష్‌లో కనపడదు, యూజ్డ్‌లో కలిసిపోద్ది, అక్కడే చాలామంది కంగారు పడతారు.

అది కాదని తేలితే నా సంగతి విను. పదేళ్ల కిందట ఒక ఆస్పత్రిలో కేవీఎం హోస్టులు, అంటే వీఎంలు నడిపే లైనక్స్ సర్వర్లు, చూసేవాణ్ణి, స్టోరేజ్ అంతా ఐస్కజీ మీద, అంటే నెట్‌వర్క్ మీదుగా వచ్చే డిస్కులు. ఒక హోస్ట్‌లో రోజూ కొంచెం కొంచెం మెమరీ తగ్గిపోయేది. నేను కారణం వెతక్కుండా గంటకోసారి క్యాష్ ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్ ఫైల్లో 3 రాసేలా క్రాన్ (టైముకి తనంతట తనే నడిచే పని) పెట్టేశా. వాడకం గ్రాఫ్ దిగేది, హమ్మయ్య అనుకునేవాణ్ణి. దిగేదేమో పేజ్ క్యాష్ (ర్యామ్‌లో ఉంచుకున్న ఫైళ్ల కాపీలు), పెరిగేదేమో మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్ఫోలో ఎస్‌అన్‌రీక్లెయిమ్ అనే లైను, కెర్నల్ తన సొంత పనికి తీసుకుని వెనక్కివ్వలేని స్లాబ్ మెమరీ అది, ఆ క్రాన్ దాన్ని కదపను కూడా కదపలేదు. ఆ లైను నేను ఒక్కరోజు కూడా చదవలేదు. ఒక రాత్రి రెండున్నరకి, మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే ఓఓఎం కిల్లర్ లేచింది. అది తప్పు చేసినవాణ్ణి చంపదు తల్లీ, ఎక్కువ మెమరీ పట్టుకుని కనపడినవాణ్ణి చంపుద్ది, అంటే దాదాపు ఎప్పుడూ పెద్ద వీఎంని నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్‌నే. మా దగ్గర అది ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్. నేను వెళ్లేసరికి ల్యాబ్ అమ్మాయి రిజల్ట్స్ చేత్తో రాసి వార్డులకి పంపిస్తోంది, వేళ్లన్నీ నీలం ఇంకు, తలెత్తి నావైపు చూసి ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

భయంతో రీబూట్ కొట్టేశా, ఆధారాలన్నీ పోయాయి, మళ్లీ కనపడేంత పెరగడానికి మూడు వారాలు కాపు కాయాల్సొచ్చింది. అప్పుడు స్లాబ్ లెక్కలు చూపే స్లాబ్‌టాప్ పెట్టి చూస్తే కేమాలక్ 1024 (1024 బైట్ల ముక్కలు) అనే ఒక్క వరసే పెరుగుతోంది, కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్ పక్కన పెట్టి చూస్తే స్టోరేజ్ పాత్ పడిపోయి మళ్లీ లాగినైన ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కుతోంది. వదులైన కేబుల్ ఒకటి, లాగినైనప్పుడల్లా పాత మెమరీ వదలని డ్రైవర్ ఒకటి. కేబుల్ మార్చి కెర్నల్ అప్‌డేట్ చేస్తే ఆగింది.

అందుకే చెప్తున్నా, ఎవరెంత తొందరపెట్టినా మెమ్‌ఇన్ఫో, స్లాబ్‌టాప్, డీమెసేజ్ మూడూ ఫైల్లోకి తీసి వేరే మిషన్‌లో దాచాకే రీబూట్, అదీ వీఎంలన్నీ పక్క హోస్ట్‌కి మార్చాక. స్లాబ్ మామూలుగా ఉండి ఒక్క క్యూఈఎంయూనే ఉబ్బుతుంటే ఆ వీఎంని ఆపకుండానే వేరే హోస్ట్‌కి మార్చి (లైవ్ మైగ్రేట్) చూడు, అక్కడా ఉబ్బితే దాని డిస్క్ సెట్టింగులు చూడాలి. బ్యాకప్ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నం తిని కూర్చో, కాఫీలతో కడుపు నింపుకోకు. శనివారం రాత్రి ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటా, రెండున్నరైనా సరే చెయ్యి.

మీ మావయ్య