ఏఐ శిక్షణ తప్పులు పట్టడంతో మొదలవ్వాలి

మీ ఆఫీసులో నలభై మందికి ఏఐ టూల్స్ నేర్పించడానికి ఒక్కరోజు వర్క్‌షాప్ సరిపోతుందా, ఏ కోర్సు కొంటే మంచిది అని అడిగారు. సరిపోదు. కోర్సయితే అసలు కొనకండి. ఆ డబ్బుతో అందరికీ కంపెనీ పేరు మీద అకౌంట్లు తీసుకుని, విడతకు పదిమందికి మించకుండా, వారానికి గంటన్నర చొప్పున ఆరు వారాలు కూర్చోబెట్టండి. లాగిన్లన్నీ ముందురోజే పూర్తవ్వాలి. లేకపోతే మొదటి అరగంట పాస్‌వర్డులకే పోతుంది.

మార్కెట్లో దొరికే కోర్సుల్లో చాలావాటిలో ఉండేది ప్రాంప్టుల, అంటే ఏఐకి టైప్ చేసే ఆదేశాల జాబితాయే. దాని మీద నాకు నమ్మకం లేదు, కారణం చెబుతాను. 2023లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌తో కలిసి 758 మంది కన్సల్టెంట్లకు పరీక్ష పెట్టారు. చాట్‌జీపీటీ వెనకున్న జీపీటీ-4 మోడల్‌కి చేతనైన పనుల్లో దాన్ని వాడినవాళ్లు సుమారు 25 శాతం వేగంగా పని ముగించారు. అంకెల పట్టికనూ, ఇంటర్వ్యూల్లో మనుషులు చెప్పిన మాటలనూ కలిపి చదివితే తప్ప తేలని ఒక పనిలో మాత్రం కథ తిరగబడింది. ఏఐ లేకుండా చేసినవాళ్లలో 84.5 శాతం మంది సరిగ్గా తేల్చారు. ఏఐ వాడినవాళ్లలో 70 శాతం. ఏఐతో పాటు ముందుగా ప్రాంప్టుల పాఠం కూడా విన్నవాళ్లలో 60 శాతమే. ఆ పాఠం వాళ్లకు ధైర్యాన్నిచ్చింది గానీ అనుమానించడం నేర్పలేదనే నేను అర్థం చేసుకున్నాను.

అదే ఏడాది న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో జరిగింది ప్రతి శిక్షణలోనూ చెప్పాలి. విమానంలో సర్వింగ్ బండి మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు ఏవియాంకా సంస్థ మీద వేసిన కేసు అది. అతని తరఫు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులు కొన్ని ఉదహరించారు. అవి అసలు లేనివి, అవతలి లాయర్లు ఎంత వెతికినా దొరకలేదు. ప్రతులు దాఖలు చేయమని జడ్జి ఆదేశిస్తే, వీళ్లు మళ్లీ చాట్‌జీపీటీనే అడిగి, అది రాసిచ్చిన తీర్పుల పాఠాన్ని కోర్టుకిచ్చారు. వాళ్లలో ఒకరు ‘ఈ కేసు నిజమైనదేనా’ అని కూడా దాన్నే అడిగారు. నిజమేనని, లీగల్ డేటాబేసుల్లో దొరుకుతుందని కూడా అది చెప్పింది. జూన్ 22న జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఆ లాయరు సరిచూడకుండా వదిలేయలేదు, సరిచూశాడు. కాకపోతే తప్పు చేసినదాన్నే సాక్షిగా పిలిచాడు.

అందుకే మొదటి తరగతిలో కొత్త పని ఇవ్వకండి. ప్రతి ఒక్కరినీ గత నెలలో తాము పూర్తిచేసిన మూడు పనులు తెమ్మనండి. సరైన జవాబు వాళ్లకు ముందే తెలుసు. అదే పని టూల్‌కిచ్చి, వచ్చినదాంట్లో తప్పులకు ఎర్రగీత పెట్టమనండి. పది పేజీల ఒప్పందం తీసుకుని, ఏడో పేజీలో గడువు తేదీని మొదటి పేజీకి పొంతన లేకుండా మార్చి, సారాంశం అడిగించండి. కొన్నిసార్లు ఒక తేదీ మాత్రమే, ఏ అనుమానమూ లేని వాక్యంలో వస్తుంది. ఆ తర్వాత ‘నీకు ఖచ్చితంగా తెలుసా’ అని అడగమనండి. సరైన జవాబిచ్చినప్పుడు కూడా అది కొన్నిసార్లు క్షమాపణ చెప్పి మార్చేయడం కళ్లారా చూస్తారు. సరిచూడటమంటే మూల ఫైల్ తెరిచి చూడటమేనని అప్పుడు బాగా ఎక్కుతుంది.

లెక్కల దగ్గర నియమం ఒక్కటే: మొత్తం ఎంతో అడగొద్దు, మొత్తం కట్టే ఫార్ములా అడగాలి. చాట్‌జీపీటీ లాంటి టూల్ వెనక ఉండే భాషా మోడల్ తనంతట తాను అంకెలు కూడేటప్పుడు కూడా తర్వాత రాబోయే ముక్కను ఊహించే రాస్తుంది, పట్టిక పొడుగయ్యేకొద్దీ తప్పుతుంది. ఫార్ములాను ఎక్సెల్లో పెట్టి, చేత్తో కూడిన ఐదు వరుసలతో పోల్చాలి. టెక్స్ట్‌గా సేవ్ అయిన అంకెల్ని సమ్ ఫార్ములా చెప్పకుండా వదిలేస్తుంది, 03/04 మార్చో ఏప్రిలో ఫైల్ చెప్పదు. ఈ రెండూ ముందే సరిచేయాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే 3 కాస్తా 8 అవుతుంది, పట్టికలో గడులు పక్కకు జరుగుతాయి. ఒక పనికి ఒక చాట్. పొడుగైన చాట్‌లో మొదట చెప్పిన షరతులు జారిపోతాయి.

ఏ సమాచారం పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో ఒకే పేజీలో రాసి ఇవ్వండి. 2023లో సామ్‌సంగ్ ఉద్యోగులు అంతర్గత కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని బయటపడ్డాక ఆ సంస్థ తన పరికరాల్లో ఇలాంటి టూల్స్‌నే ఆపేసింది. అలాగని మీరూ నిషేధం పెడితే జనం సొంత ఫోన్లలో, ఉచిత అకౌంట్లలో వాడతారు, అది ఇంకా ప్రమాదం. క్లయింటు పేర్ల చోట క, ఖ అని పెట్టి, జవాబు వచ్చాక అసలు పేర్లు తిరిగి పెట్టుకోవడం పది నిమిషాల్లో నేర్పొచ్చు.

ఇంకొకటి నన్ను నిజంగా బాధపెడుతుంది. శిక్షణ అయ్యాక ఎంతమంది లాగిన్ అయ్యారో లెక్కేసి విజయం అంటారు. పైగా మేనేజర్లు తరగతికి రారు. సరిచూసే ఇరవై నిమిషాలు కూడా పనిగంటల్లో భాగమేనని మేనేజరు నోటితో చెప్పకపోతే ఎవ్వరూ సరిచూడరు. లెక్కేయాల్సింది ప్రతి పనికీ సరిచూడటంతో కలిపి పట్టిన సమయం. అది పాత పద్ధతి కంటే ఎక్కువైతే ఆ పనికి టూల్ ఆపేయండి.

మొదటి తరగతిలో వాడిన ఫైళ్లు, వాటి సరైన జవాబులు పారేయకండి. టూల్ వెర్షన్ మారినప్పుడల్లా వాటినే మళ్లీ ఇచ్చి చూడాలి. నిన్న సరిగ్గా చేసిన పనిని కొత్త వెర్షన్ తప్పుగా చేయొచ్చు.