పీఎస్ఏ పరీక్షకు రైడర్ ఎందుకండీ?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. నాన్నగారు ప్రొస్టేట్ క్యాన్సర్‌తో పోయారు. న్యూయార్క్‌లో ఉన్న మా అన్నయ్యకు ఆ క్యాన్సర్‌ని పసిగట్టే పీఎస్ఏ రక్త పరీక్ష ఇన్సూరెన్స్‌లోనే ఉచితంగా చేశారట, నన్నూ చేయించుకోమంటున్నాడు. ఇంటిల్లిపాదికీ కలిపి నాకున్న 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీలో అది రాదన్నారు. ఏడాదికి 4,200 అదనంగా కట్టి ఓపీడీ రైడర్ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి అదనపు కవర్) తీసుకుంటే వస్తుందట. తీసుకోమంటారా, మన దగ్గరా అలాంటి చట్టం వచ్చేదాకా ఆగమంటారా? ఏదైనా తేలితే పాలసీకి ఇబ్బందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగకండి. చట్టం కోసం ఆగితే ఎన్నేళ్లు పడుతుందో అమెరికాను చూస్తేనే తెలుస్తుంది. అక్కడ 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం, నిపుణుల బృందం ఎ లేదా బి గ్రేడ్ ఇచ్చిన పరీక్షలే పూర్తి ఉచితం. పీఎస్ఏకి 2018లో 55–69 ఏళ్లవాళ్ల విషయంలో సి గ్రేడే వచ్చింది. ఈ పరీక్షలో అంకె పెరిగిన ప్రతివాళ్లకూ క్యాన్సర్ ఉండదు, ప్రొస్టేట్ గ్రంథి వాచినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది, దాంతో అనవసర బయాప్సీలు జరుగుతాయన్నది వాళ్ల భయం. ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకూ, నల్లజాతి మగవాళ్లకూ అయినా ఉచితం చేయాలని అక్కడి పార్లమెంటులో (కాంగ్రెస్‌లో) బిల్లు మళ్లీ మళ్లీ పెడుతున్నారు. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం ఆగకుండా సొంత చట్టం చేసుకుంది, 2019 నుంచి అమల్లో ఉంది. మీ అన్నయ్యకు కలిసొచ్చింది అదే అయ్యుంటుంది.

మన దగ్గర ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లున్నాయి, ప్రొస్టేట్ లేదు. ఉండాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. కానీ మీకు ఇప్పుడు కావాల్సిన పరీక్ష హైదరాబాద్‌లో చాలా ల్యాబుల్లో వెయ్యి రూపాయల లోపే. దాని కోసం 4,200 రైడర్ వద్దు. జేబులోంచి కట్టేయండి. పాత పన్ను విధానంలో ఉంటే ముందస్తు హెల్త్ చెకప్ కింద, ఆరోగ్య బీమాకిచ్చే పన్ను మినహాయింపు పరిమితికి లోబడి, 5,000 దాకా చూపించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ అవసరం పడేది ఆ తర్వాత. కేవలం పరీక్షల కోసం ఆస్పత్రిలో చేరితే పాలసీ డబ్బివ్వదు. అదే జబ్బుకి ఆపరేషన్ జరిగితే మాత్రం, చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల్లో చేయించిన పరీక్షల ఖర్చూ వస్తుంది. నా దగ్గరికొచ్చే ఒక పెద్దాయన స్వీట్ షాపు కవర్లో బిల్లులన్నీ పెట్టుకుని తెచ్చారు. ఎంఆర్ఐ, బయాప్సీ, స్కాన్ కలిపి 46,000. మంచి రోజు చూసుకుని చేరేసరికి 71 రోజులైంది. ఆయన పాలసీలో గడువు 60. ఒక్కో బిల్లు మీద తేదీ చూస్తూ పక్కన పెడుతుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. మీ పాలసీలో ఆ గడువెంతో ఇవాళే చూసుకోండి, ప్రతి బిల్లూ దాచండి.

ఇక టెన్షన్ సంగతి. ఇప్పుడున్న పాలసీ ఆగకుండా నడుస్తుంటే, కొత్తగా క్యాన్సర్ తేలిందనో క్లెయిమ్ చేశారనో రెన్యువల్ ఆపడానికి, మీ ఒక్కరికే ప్రీమియం పెంచడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇబ్బందల్లా కొత్తగా కవర్ పెంచుకోవడంలోనే. రిపోర్టు తేడాగా వచ్చాక అడిగితే కంపెనీ కాదనొచ్చు. క్యాన్సర్‌కి 5 లక్షలు చాలవు కాబట్టి, రైడర్‌కి అనుకున్న డబ్బు సూపర్ టాప్-అప్‌కి (ఒక పరిమితి దాటాక అయ్యే ఖర్చు భరించే పాలసీకి) పెట్టండి, ఈ వారమే దరఖాస్తు చేయండి. నాన్నగారి జబ్బు గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. రోబోటిక్ సర్జరీకి విడిగా పరిమితి ఉందేమో కూడా అడగండి, చాలా పాలసీల్లో ఉంటుంది.

అయితే మూత్రం విషయంలో ఇప్పటికే ఏదైనా తేడా కనిపిస్తుంటే ముందు యూరాలజిస్టు, తర్వాతే ఫారం. ఆ సంగతీ ఫారంలో దాచొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాన్నగారి పాత రిపోర్టులు వెతికి తీసుకెళ్లండి. ఆయనకు ఏ వయసులో బయటపడిందనే డాక్టర్ మొదట అడుగుతారు.