ఎమర్జెన్సీ కొనుగోళ్ళు నీ చేతికొచ్చాయట కదా

చిట్టీ,

మీ వాటర్ వర్క్స్‌లో ఆయిలో కెమికలో ఒలికిపోతే అప్పటికప్పుడు కొనాల్సినవన్నీ ఇకమీద నువ్వే చూడాలట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మా గుంట సంతకంతో సరుకు కదుల్తాదని సంబరపడ్డాను, ఫోన్ పెట్టేశాక మాత్రం గాభరా పట్టుకుంది. బరంపురం పక్కనుంచే పదహారో నంబరు హైవే, రాత్రంతా ట్యాంకర్లే కదా.

సామాను సంగతి నీకు తెలుసు. తెల్ల ప్యాడ్లు నూనెనే పీలుస్తాయి, నీళ్ళని పట్టవు, అవి ఎక్కువ ఉంచు. బూమ్‌లకి (నీళ్ళ మీద తేలుతూ నూనెకి అడ్డుకట్ట వేసేవి), ప్యాడ్లకి, ఒలికింది పీల్చుకుపోయే సక్షన్ ట్యాంకర్ అద్దెకి ఏమీ జరగనప్పుడే రేట్ కాంట్రాక్ట్ చేసీ, అంటే రేటు ముందే కుదిర్చి ఒప్పందం రాయించు. నైట్రిక్ యాసిడ్ మీద రంపం పొట్టు పొయ్యనీకు, అంటుకుంటాది.

నా భయమల్లా ఆడిట్ గురించే. నవ్వకు.

మా రోజుల్లో ఒకచోట (ఆఫీసు పేరెందుకులే) ఫర్నేస్ ఆయిల్ డ్రెయిన్‌లో పడి చెరువు వైపు పోతుంటే అక్కడి ఇంజనీరు గారు ఒక్క నిమిషం ఆగలేదు, ఫోన్లోనే సక్షన్ ట్యాంకర్ పిలిచారు, లారీలకి లారీలు వరిగడ్డి, ఇసక దింపించారు, చెరువుకి చుక్క నూనె తగలనివ్వలేదు. ఊరంతా మెచ్చుకుంది. కానీ ఆయన ఒక్క ముక్క కాయితం మీద పెట్టలేదు. స్టాక్ రిజిస్టర్ నా దగ్గరుండేది, సరుకు మాత్రం నా గేటు మొహం చూడకుండా నేరుగా సైటుకే పోయింది. తర్వాత బిల్లులొచ్చాయి చూడు, ట్యాంకర్ రాత్రంతా ఊరికే నిలబడ్డ గంటలకి కూడా అద్దె, గడ్డి ఎన్ని లారీలో అమ్మినవాడు చెప్పిందే లెక్క. ఈ రేటుకి ఎవరు ఒప్పుకున్నారు, సరుకు ఎవరు దింపుకున్నారు అని ఆడిట్ వాళ్ళు అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. తిన్నది పైసా లేదమ్మా. అయినా రిటైరయ్యాక గ్రాట్యుటీ ఆపేశారు, ఫైలు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చి నువ్వైనా చెప్పవయ్యా అంటుంటే మీ అత్త కాఫీ తెచ్చి అలా నిలబడిపోయింది.

అందుకే, నోటితో ఆర్డర్ ఇస్తే ఇయ్యి, ఆ రాత్రి పడుకునే ముందే నోట్ రాయి. ఎన్నింటికి తెలిసింది, ఏం ఒలికింది, ఎవరెవరికి ఫోన్ చేశావు, ఎవరు ఎంత చెప్పారు, పైవాళ్ళలో ఎవరు సరే అన్నారు. కేంద్రం వాళ్ళ జి.ఎఫ్.ఆర్. 2017 (సర్కారు ఖర్చులు, కొనుగోళ్ళ నియమాలు) లో రూల్ 166 అత్యవసరమైతే ఒక్క దగ్గరే కొనుక్కోనిస్తుంది, కానీ కారణం రాసి అనుమతి తీసుకోమంటుంది. మన ఒడిశా రూల్స్ వేరే ఉంటాయి, అవి కూడా చదువు, బద్ధకించకు. ట్యాంకర్ వచ్చిన టైము, పోయిన టైము లాగ్‌బుక్‌లో డ్రైవర్ సంతకంతో ఉండాలి. ఒలికింది ఆపడానికి ఎంత కావాలో అంతే ఎమర్జెన్సీలో కొను, మర్నాటి నుంచి మామూలు కొటేషన్లే. ఇదే సందని ఆఫీసుకి టార్చిలైట్లు, కుర్చీలు కొనేవాళ్ళని చూశాను.

ఈ కాయితాలే రేపు ట్యాంకర్ ఓనర్ దగ్గర ఖర్చు రాబట్టడానికీ పనికొస్తాయి, కాలుష్యం చేసినవాడే కట్టాలనే సూత్రం 2010 ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చట్టంలోనే ఉంది. నూనె పట్టిన గడ్డి, ప్యాడ్లు చెత్తబండి ఎక్కించకు, 2016 ప్రమాదకర వ్యర్థాల రూల్స్ ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, మామూలుగా 90 రోజులు మించి ఉంచకూడదు, అనుమతి ఉన్న చోటికే పంపాలి. మన రాష్ట్రంలో అలాంటిది జాజ్‌పూర్ జిల్లాలో ఉంది, లారీ కిరాయి ముందే లెక్కేసుకో.

తిట్టినట్టుందా? ఏం చెయ్యను, చిన్నప్పుడు నా రిజిస్టర్ల మీద కూచుని ఒడియా అక్షరాలు దిద్దినదానివి, ఇంకా అలాగే కనబడతావు. రాత్రి పిలిస్తే అన్నం తినే బయల్దేరు, ఒంటరిగా బండి మీద పోకు, ఆఫీసు జీపు అడుగు.

గమ్‌బూట్లు కావాలని రాసే ఇండెంట్‌లో 5 నంబరు సైజు కూడా రాయి. మా స్టోర్లో ఎప్పుడూ మగవాళ్ళ సైజులే ఉండేవి, పెద్ద బూట్లు వేసుకుని నూనెలో దిగితే జారి పడతావు.

మీ మావయ్య