బీటెక్ చేసి లా చదవాలంటే క్లాట్ రాయాలా?

సీఎస్‌ఈ పూర్తయింది, లా చదవాలనుంది, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ కోచింగ్‌లో చేరమంటారా, బీటెక్ వాళ్లను లాయర్లుగా ఎవరైనా పట్టించుకుంటారా అని అడిగారు. నేను కూడా సీఎస్‌ఈనే. కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదివాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను.

క్లాట్ కోచింగ్‌కి డబ్బు కట్టకండి. క్లాట్ యూజీ ఇంటర్ తర్వాత చదివే ఐదేళ్ల కోర్సుకి, క్లాట్ పీజీ లా డిగ్రీ తర్వాత చదివే ఎల్ఎల్ఎంకి. మీకు కావాల్సింది లాసెట్, మన తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీకి రాసే ఎంట్రన్స్. బీటెక్‌లో 45 శాతం ఉంటే చాలు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకా తక్కువే. గంటన్నరలో 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. సగం మార్కులు చట్టాల మీద అడిగే లీగల్ ఆప్టిట్యూడ్‌కే కాబట్టి ముందు రాజ్యాంగం చదవండి. పేటెంట్ల మీద ఆసక్తి ఉంటే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇంజినీర్లను తీసుకునే మూడేళ్ల ఎల్ఎల్‌బీ ఉంది, దాని ఎంట్రన్స్ వేరు. ఇక ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు వేసే పేటెంట్ ఏజెంట్ పరీక్షకైతే లా డిగ్రీ అక్కర్లేదు, మీ బీటెక్ సరిపోతుంది.

ఎంట్రన్స్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మొదటి సెమిస్టర్. ఇంజినీరింగ్‌లో జవాబు వచ్చిందంటే లెక్క అయిపోయినట్టే. ఇక్కడ ఒకే సమస్యకు రెండు వైపులా వాదన రాయాలి, ఏ సెక్షన్, ఏ తీర్పు ఆధారంగా ఎటు మొగ్గారో చెప్పాలి. పేజీలకు పేజీలు చేత్తో రాసే అలవాటు మనకు పోయి ఉంటుంది. ఇప్పటి నుంచే ఒక్కో తీర్పు చదివి, సొంత మాటల్లో ఒక పేజీకి కుదించి రాయండి. మీకు తేలిగ్గా అర్థమయ్యేది అర్జున్ పండిత్‌రావ్ కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఎప్పుడు తప్పనిసరో అందులో ఉంటుంది.

పట్టించుకుంటారా అన్నదానికి కూడా జవాబు అక్కడే ఉంది. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) రాయాలి. హ్యాష్ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా సీనియర్ దగ్గర వాట్సాప్ చాట్‌లు, సీసీటీవీ ఫుటేజీ ఉన్న ఫైళ్లు నేరుగా నా టేబుల్ మీదకే వచ్చేవి. దరఖాస్తులో, ఇంటర్వ్యూలో మీ బీటెక్‌ని గట్టిగా చెప్పుకోండి.

ఉద్యోగం వదలకుండా చదవొచ్చని కొందరు చెబుతారు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. జూనియర్‌గా చేరిన కొత్తలో వచ్చేది చాలా తక్కువ. ఇంటి ఈఎంఐలు మీ మీదే ఉంటే, రెండేళ్ల ఖర్చులు పక్కన పెట్టుకున్నాకే రాజీనామా చేయండి.