ప్యాడ్లు మార్చినా బ్రేకు కీచుమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా పొట్టంగి. కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నాను. కుందులి సంతలో అల్లం, క్యాబేజీ ఎత్తుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు, ఒక్కోసారి విజయనగరం దాకా తోలుతుంటాను. బ్రేకు తొక్కితే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమని అరుస్తోంది. ప్యాడ్లు రెండుసార్లు మార్పించాను. కొన్ని వారాలు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఘాట్ దిగాక కాలిన వాసన కూడా వస్తోంది. "అరుస్తోందంటే బ్రేకు పడుతున్నట్టే, టెన్షన్ ఎందుకు" అంటాడు మా బావ. నిజమేనా?

జవాబు: బావ గారి మాటలో సగం నిజముంది. ప్యాడూ డిస్కూ రాసుకునేటప్పుడు పుట్టే వణుకే ఆ కీచు శబ్దం. అది వచ్చినంత మాత్రాన బ్రేకు తగ్గిందని కాదు. కానీ ఒక్క చక్రమే అరవడం, పైగా కాలిన వాసన రావడం చూస్తే మీది ఊరుకునే కేసు కాదు.

మా షెడ్డుకి బండి వస్తే శబ్దం ఎక్కడ అని తర్వాత అడుగుతాను, ఎప్పుడు అని ముందు అడుగుతాను. వానలో తడిసిన బండి పొద్దున్నే రెండు మూడు బ్రేకులకి గరగరమని ఆగిపోతే అది డిస్కు మీది పైతుప్పు, వదిలేయండి. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా రేకు గీసిన చప్పుడు వస్తుంటే డిస్కుకీ వెనకున్న రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. మన రోడ్ల మీద ఇది మామూలే. వేగంతో పాటు పెరుగుతూ, మలుపు తిప్పినప్పుడు మారే గుయ్యిమనే శబ్దమైతే బేరింగు చూపించండి. బ్రేకు తొక్కగానే ఇనుము ఇనుమును కొరికినట్టుంటే ప్యాడు మీద రాసుకునే పొర పూర్తిగా అరిగిపోయింది. అప్పుడు లోడు ఎంత అర్జెంటైనా ఘాట్ దిగొద్దు, బండి అక్కడే ఆపండి.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానమంతా కాలిపర్ గైడ్ పిన్నుల మీద. కాలిపర్ అంటే డిస్కుకి రెండు పక్కలా ప్యాడ్లను పట్టుకుని నొక్కే భాగం. మన పికప్‌లకి ముందు డిస్కు బ్రేకు, వెనక డ్రమ్ము. డిస్కుకి లోపలి వైపు మాత్రమే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడును నొక్కితే, కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాక్కొస్తుంది. పిన్నులు ఎండి పట్టేస్తే ఆ జరగడం ఉండదు. బ్రేకు వదిలినా ప్యాడు డిస్కును వదలదు. అలా రాసుకుంటూ వేడెక్కి దాని ముఖం గాజులా మెరుస్తుంది, మేం గ్లేజ్ అయిందంటాం. ఇక ఎన్ని కొత్త ప్యాడ్లు వేసినా కొన్నాళ్ల ముచ్చటే.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఘాట్ దిగి సాలూరులో ఆపగానే ముందు చక్రాలు రెండింటి దగ్గరా, తాకకుండా, అరచేతి వెనక వైపు పెట్టి చూడండి. ఎడమది బాగా ఎక్కువ సెగ కొడితే అనుమానం ఖాయమైనట్టే. చల్లారుద్దామని నీళ్లు మాత్రం పోయకండి, వేడి డిస్కు వంకర పోవచ్చు. తర్వాత చక్రం విప్పించి రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టండి. లోపలిది 3 మిల్లీమీటర్లకి దిగిపోయి, బయటిది ఇంకా మందంగా ఉంటే పిన్నులు పట్టేసినట్టు. రెండూ సమానంగా అరిగి, వేడి మాత్రం ఒక పక్కే ఉంటే పిస్టన్ వెనక్కి వెళ్లడం లేదేమో చూడాలి.

పని చేసేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. బండిని జాకీ ఒక్కదాని మీదే వదలకూడదు. విప్పిన కాలిపర్‌ని హోసు పైపుకి వేలాడదీయకుండా తీగతో కట్టాలి. పిన్నులు బయటికి లాగి తుప్పు, పాత గ్రీజు శుభ్రంగా తుడిచి, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. బేరింగులకి వాడే మామూలు గ్రీజు పెడితే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. చాలా షెడ్లలో జరిగేది ఇదే. ప్యాడ్ల వెనక పల్చటి రేకులు, పక్కన స్ప్రింగు క్లిప్పులు ఉన్నాయో లేవో అడగండి. పాత ప్యాడ్లతో పాటు వాటినీ పారేసే చేతులున్నాయి. అవి లేకపోతే కొత్త బండైనా అరుస్తుంది. డిస్కు మీద కనీస మందం అంకె చెక్కి ఉంటుంది. అంతకంటే పల్చబడితే లేతు మిషను మీద చెక్కించి నునుపు చేయించొద్దు, మార్చండి. ప్యాడ్ల ముఖం మీద నూనె, డీజిల్, గ్రీజు చుక్క పడకూడదు. శబ్దం పోవాలని ఆయిల్ కొట్టేవాళ్లని చూశాను, వాళ్ల పక్క సీట్లో మాత్రం కూర్చోను.

బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అంటే బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140 డిగ్రీలే. ఘాట్‌లో ఆ వేడి వస్తే ఆయిల్‌లో బుడగలు లేచి పెడలు నేలకంటా పోతుంది. రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 3 పోయాలో డాట్ 4 పోయాలో బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది.

ఇప్పుడొక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సుంకి నుంచి న్యూట్రల్‌లో దిగుతున్నారా? డీజిల్ మిగులుతుందని చాలామంది చేసే పనే. నిజానికి ఈ కాలపు కామన్ రైల్ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి డీజిల్ కావాలి. మిగిలేదేమీ లేదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజిన్ ఆపి దిగితే మరీ ఘోరం. పెడలు తేలిగ్గా దిగేలా ఇంజిన్ నడుస్తుంటే అందే వాక్యూమ్ సాయం ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోయి పెడలు బండరాయిలా బిగుసుకుంటుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా కాసేపు గట్టిగా తొక్కి వదలండి.

కొత్త ప్యాడ్లు రెండు పక్కలా ఒకేసారి వేయాలి. వేశాక వెంటనే లోడుతో ఘాట్ ఎక్కొద్దు. ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, మెల్లగా పది సార్లు తగ్గించండి. మధ్యలో చల్లారనివ్వండి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. మా వారి పికప్ వెనక డ్రమ్ముల్లో శబ్దం వస్తోంది. మెకానిక్ డ్రమ్ము విప్పి గాలి కొట్టి పంపిస్తాడు. రెండు రోజులకి మళ్లీ అదే.

జవాబు: అమ్మా, ముందు ఆ గాలి కొట్టడం మాన్పించండి. డ్రమ్ములో రాసుకునే పొరలే లైనర్లు, అవి అతికి ఉండే వంపు ముక్కలు షూలు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమనండి. దుమ్ము పోతే రెండు రోజులే శాంతి, అసలు కారణం ఎక్కువగా లైనర్ల వెనక ప్లేటు మీద ఉంటుంది. షూలు ఆనే చోట్లు ఎండిపోయి గీసుకుపోతాయి. అక్కడ మాత్రమే, వేడికి తట్టుకునే గ్రీజు చిటికెడు రాయాలి. లైనరు తడిగా కనిపిస్తే వీల్ సిలిండరో యాక్సిల్ సీలో కారుతోంది. ముందు అది బాగు చేయించి, తర్వాత రెండు చక్రాలకీ లైనర్లు మార్పించండి. నూనె తాగిన లైనరు ఎంత కడిగినా పనికిరాదు. డ్రమ్ము బిగించాక హ్యాండ్ బ్రేకు మళ్లీ సరిచేయమని మర్చిపోకుండా చెప్పండి.