దుబారా చేయని దయ్యం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథనూ, దానితో జతచేసిన షేక్స్‌పియర్ నాటకం హామ్లెట్ అనువాదం పేజీలనూ రెండుసార్లు చదివాను. ఈ ఉత్తరం ఒక్క మాట గురించే. మొదటి అంకంలో కోడి కూయగానే రాజుగారి ప్రేతం మాయమైన తరువాత, హామ్లెట్ స్నేహితుడు హొరేషియో అటువంటి ఆత్మలను ‘ఎక్స్‌ట్రావగెంట్’ అంటాడు. దాన్ని నువ్వు ‘దుబారా ఆత్మ’ అని రాశావు. నవ్వు వచ్చింది గాని, నిన్ను చూసి కాదు. నేను కొత్తగా కలం పట్టిన రోజుల్లో ఒక పత్రికకు వ్యాసం అనువదిస్తూ, మితిమీరిన మెప్పు అనే అర్థంలో ఇదే మాట వచ్చినచోట ‘దుబారా పొగడ్త’ అని రాసి పంపాను. ఉపసంపాదకుడు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన ‘ఎంత ఖర్చయింది?’ అని రాసి తిప్పి పంపాడు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

నిఘంటువు నీకు అబద్ధం చెప్పలేదు. ఈనాటి ఇంగ్లీషులో ఎక్స్‌ట్రావగెన్స్ అంటే ముందుగా తోచేది దుబారాయే. అయితే అది ఆ మాటకు పుట్టుకతో వచ్చిన అర్థం కాదు. లాటిన్‌లో ‘ఎక్స్‌ట్రా’ అంటే వెలుపల, ‘వగారి’ అంటే తిరుగాడడం. రెండూ కలిస్తే హద్దు దాటి తిరగడమే తప్ప అందులో డబ్బు ఊసే లేదు. ఊరూరా తిరిగే వాగబాండ్ ఆ ధాతువు నుంచి పుట్టినవాడే. మెదడు దగ్గర బయలుదేరి గుండెనూ ఊపిరితిత్తులనూ పలకరిస్తూ పొట్ట దాకా పోయే నరానికి వైద్యులు వేగస్ అని పేరు పెట్టిందీ అందుకే. 1316 నుంచి 1334 దాకా కాథలిక్కుల మతాధిపతి పోప్‌గా ఉన్న 22వ జాన్ ఉత్తర్వులు కొన్నింటిని చర్చి న్యాయశాస్త్రంలో ‘ఎక్స్‌ట్రావగాంటెస్’ అంటారు. అవి ఖరీదైనవని కాదు, అప్పటికున్న అధికారిక సంపుటాల్లో చేరక బయట తిరుగుతున్నాయని.

షేక్స్‌పియర్ నాటికి ఆ పాత వాసన పోలేదు. రాత్రంతా హద్దు మీరి తిరిగిన ఆత్మ కోడికూత వినగానే తన బందీఖానాకు పరుగెత్తాలి. ఆ వాక్యమంతా ఆ పరుగు మీదే నిలబడింది. పక్కనే ఉన్న ‘ఎరింగ్’ను నువ్వు ‘తప్పుచేసిన’ అన్నావు, అక్కడ దాని అర్థం కూడా తిరుగాడడమే. ఒథెల్లో నాటకంలో రొడరిగో కథానాయకుణ్ణి ఇదే మాటతో నిందిస్తాడు. అతని ఉద్దేశం దేశద్రిమ్మరి అని, ఖర్చుమనిషి అని కాదు. హద్దు మీరడం మాటలకూ వేషభాషలకూ పాకి, చివరకు డబ్బుసంచి దగ్గరకు చేరింది 18వ శతాబ్దంలోనే. 1854లో అమెరికా రచయిత థోరో ఆ మాటను మధ్యలో గీతపెట్టి రెండు ముక్కలు చేసి, తన రచన చాలినంతగా హద్దు దాటడం లేదేమోనని బెంగపడ్డాడు. పాలు పితికే వేళ చెంబు తన్నేసి, కంచె దూకి, దూడ కోసం పరుగెత్తే ఆవును అక్కడ ఉదాహరణగా చూపాడు. (మన ఊళ్లో అయితే ఆ ఆవును బందెలదొడ్డికి తోలేవారు.)

బైబిల్లో దీనికి ఎదురు నడక చూడు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని చిన్న కొడుకును ఇంగ్లీషువాళ్లు ‘ప్రాడిగల్’ అన్నారు, అంటే ఆస్తిని తగలేసినవాడు. మనవాళ్లు మాత్రం అతణ్ణి ‘తప్పిపోయిన కుమారుడు’ అన్నారు. ఆ పేరుకు అలవాటుపడి, ప్రాడిగల్ అంటేనే తప్పిపోయినవాడని నమ్మేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ తిరుగుడు మాట ఖర్చులోకి వచ్చింది, ఇక్కడ ఖర్చు మాట తిరుగుడులోకి పోయింది.

తెలుగులో ఈ రెండు అర్థాలనూ మోయగల మాట ‘విచ్చలవిడి’. విచ్చలవిడిగా తిరిగేవాడూ, విచ్చలవిడిగా ఖర్చుపెట్టేవాడూ ఇద్దరూ మనకు తెలుసు. దుబారా అలా కాదు. అది డబ్బు, నీళ్లు, కరెంటు దాటి పోదు. అయినా ప్రేతానికి విచ్చలవిడి కూడా నప్పదు, అందులో కాస్త తిట్టు ఉంది. ‘ఎల్ల దాటి తిరుగాడే ఆత్మ’ అని చూడు, లేదా ఇంతకంటే మంచిది నీకే దొరకవచ్చు.

నీ కథలో పెళ్లి పంక్తి దగ్గర, విస్తళ్లలో మిగిలిన పూర్ణాలను చూసి మేనమామ అనే ‘దుబారా’ను మాత్రం కదపకు. దయ్యాన్ని సరిచేసి వచ్చే వారంలోగా పంపు.